చలిని తట్టుకునే ఎల్లో గ్రూవ్ వెదురు: ముందు హద్దు, తర్వాత మొక్క

చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోయే చోట కూడా ఏడాదంతా పచ్చగా నిలబడే వెదుర్లు ఉన్నాయి. వాటిలో నర్సరీల్లో తేలిగ్గా దొరికేది ఎల్లో గ్రూవ్ వెదురు. శాస్త్రీయ నామం ఫిల్లోస్టాకిస్ ఆరియోసల్కాటా. పుట్టింది చైనాలో. 1907లో అమెరికా చేరింది, 1945లో వృక్షశాస్త్రవేత్త మెక్‌క్లూర్ దానికి ఈ పేరు పెట్టాడు. తెరలా అడ్డం నిలుస్తుంది, గాలిని ఆపుతుంది, తినడానికి కొమ్ములు (నేలలోంచి లేచే లేత మొలకలు) ఇస్తుంది, తోటపనికి కర్రలిస్తుంది. అమెరికా జూలలో పాండాలకు మేతగా వేసే వెదుర్లలో ఇదీ ఒకటి.

ఇన్ని మంచి గుణాలున్నా, నాటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఏటా శరదృతువులో పార పట్టుకుని ఈ మొక్క చుట్టూ ఓసారి తిరిగే మనిషి మీ ఇంట్లో ఉన్నారా? లేకపోతే వేరే మొక్క చూసుకోండి. దీన్ని బతికించడం కష్టమేమీ కాదు, ఆపడమే పని. ఆ పనిలో సగం, కొమ్ములు కోసుకుని తినడంతోనూ గడలు నరికి వాడుకోవడంతోనూ తీరిపోతుంది. మిగతా సగానికే పార కావాలి.

మొక్క నడక తెలుసుకోండి

వెదుర్లలో కొన్ని ఉన్నచోటే గుబురుగా పెరుగుతాయి. వేడి ప్రదేశాల్లో కనిపించే పెద్ద పెద్ద వెదురు పొదలు ఎక్కువగా ఈ తరహావే. ఎల్లో గ్రూవ్ అలా కాదు, నేల కింద గరికలా పాకుతుంది. పాకేది వేరు కాదు, భూమిలో అడ్డంగా పెరిగే కాండం. దాన్ని రైజోమ్ అంటారు. దానికీ కణుపులుంటాయి, ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ పైకి లేస్తే కొత్త గడ అవుతుంది, పక్కకి తిరిగితే ఇంకో రైజోమ్ అవుతుంది. బాగా కుదురుకున్న తోపులో ఒక్కో రైజోమ్ ఏడాదిలో ఐదు నుంచి పది అడుగులు పోవడం మామూలే. అయితే అది లోతుకి పోదు. పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే తిరుగుతుంది. దాన్ని ఆపగలగడానికి కారణం అదే.

దీని క్యాలెండర్ కూడా తెలిసుండాలి. వసంతంలో కొమ్ములు పైకొస్తాయి. వచ్చేటప్పుడే ఎంత లావుంటే గడ జీవితాంతం అంతే లావు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తి ఎత్తుకి చేరుతుంది, ఆ తర్వాత ఒక్క అంగుళం కూడా పెరగదు. మరుసటి ఏడు వచ్చే గడలే అంతకన్నా పొడుగ్గా, లావుగా ఉంటాయి. అనుకూలమైన చోట చివరికి 25 నుంచి 40 అడుగుల ఎత్తు, ఒకటిన్నర అంగుళాల లావు దాకా వెళ్తాయి. రైజోమ్‌లు పాకేది మాత్రం వేసవి చివర్లో, శరదృతువులో. పైన ఏమీ జరగనట్టు కనిపించే ఆ నెలల్లోనే కింద ప్రయాణం సాగుతుంటుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి

గడను చేత్తో తడిమి చూడండి. కొమ్మలు పుట్టే వైపు ఒక కణుపు నుంచి పై కణుపు దాకా నిలువుగా గాడి ఉంటుంది. ఈ జాతిలో గడ ఆకుపచ్చగా, గాడి పసుపుగా ఉంటుంది. కొత్త గడ నున్నగా ఉండదు, వేళ్లకి కాస్త గరుగ్గా తగులుతుంది. కణుపు కింద తెల్లటి పొడి పూసిన పట్టీ కనిపిస్తుంది. కొన్ని గడలు అడుగు భాగంలో ఒకటి రెండు కణుపుల దగ్గర వంకర తిరిగి మళ్లీ నిటారుగా సాగుతాయి. అది జబ్బు కాదు, ఈ జాతి లక్షణం. కింది కణుపులు వంకర తిరగకుండా ఒకదానిమీద ఒకటి దగ్గరదగ్గరగా నొక్కుకుపోయి ఉంటే అది గోల్డెన్ బ్యాంబూ అనే వేరే జాతి వెదురు కావచ్చు. అది ఇంత చలికి ఆగదు.

ఇందులోనే స్పెక్టబిలిస్ అనే రకంలో రంగులు తిరగబడి ఉంటాయి, పసుపు గడ మీద ఆకుపచ్చ గాడి. ఆరియోకౌలిస్‌లో గడంతా పసుపే. అందానికైతే నేను స్పెక్టబిలిస్‌కే ఓటేస్తాను. పెంపకంలో మాత్రం మూడూ ఒకటే, పాకడంలో కూడా.

కుండీలో ఎత్తుగా ఉన్న మొక్కని చూసి మోసపోకండి. ఎత్తు కన్నా కింద రైజోమ్ ఎంతుందన్నది ముఖ్యం. కుండీ నిండా వేళ్లుండి, అంచున రైజోమ్ తిరుగుతూ కనిపిస్తే మంచిది. ఆన్‌లైన్‌లో విత్తనాల ప్యాకెట్లు అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు. ఈ వెదురు పూయడమే దశాబ్దాలకోసారి.

ఎవరి తోటలోనైనా ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు. కొన్ని పొద వెదుర్లలా దీని గడ ముక్కను నరికి పాతితే మొలవదు. ఒకటి రెండేళ్ల గడని, దాని కింద కనీసం అడుగున్నర పొడవున్న రైజోమ్‌తో, మట్టిగడ్డతో సహా తవ్వాలి. చలికాలం చివర్లో, కొమ్ములు లేవకముందే తవ్వండి. తవ్విన రైజోమ్ కాసేపు ఎండినా పనికిరాదు. వెంటనే తడి గోనెపట్టా చుట్టండి.

నాటే ముందు రూల్స్ చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. న్యూయార్క్ రాష్ట్రంలో 2015 నుంచి ఈ జాతి నిషేధిత మొక్కల జాబితాలో ఉంది. అమ్మకూడదు, కొనకూడదు, తేకూడదు. కనెక్టికట్‌లో చట్టం 2013లో వచ్చింది. అక్కడ పొరుగువాళ్ల స్థలానికి గానీ రోడ్డుకి గానీ 40 అడుగుల లోపు పాకే వెదురు నాటాలంటే అడ్డుగోడ వేయాలి, లేదా నేలకి తగలని తొట్టిలో పెంచాలి. మీ వెదురు పక్కవాళ్ల స్థలంలోకి పోతే జరిగిన నష్టానికి బాధ్యత మీదే. మీరున్న చోట ఏముందో స్థానిక పాలనా కార్యాలయంలో అడగండి. చట్టం లేకపోయినా పక్కింటివాళ్లతో ఒక మాట చెప్పి నాటడం మేలు. తర్వాత గొడవలు పడి టెన్షన్ తెచ్చుకోవడం కన్నా అది తేలిక.

హద్దు వేయడం

మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా తేలికైనది తొట్టి. కొద్దిపాటి మొక్క చాలనుకుంటే, కనీసం రెండడుగుల వెడల్పున్న గట్టి తొట్టిలో పెట్టి ఇటుకల మీద ఎత్తుగా ఉంచండి. నేలమీదే పెడితే అడుగు రంధ్రంలోంచి రైజోమ్ జారిపోతుంది. ఒక ఇబ్బందుంది. తొట్టిలో మట్టి గడ్డకట్టినంత తొందరగా నేల గడ్డకట్టదు కాబట్టి, నేలలో తట్టుకున్న చలికే తొట్టిలో మొక్క చచ్చిపోవచ్చు. చలికాలంలో తొట్టిని గోడ వారకి జరిపి, చుట్టూ ఆకుతుక్కు గానీ గడ్డి గానీ దట్టించాలి. మూడు నాలుగేళ్లకోసారి బయటికి లాగి, ముద్దను రంపంతో రెండుగా కోసి, సగం మళ్లీ నాటాలి.

రెండోది ప్లాస్టిక్ అడ్డుగోడ. దీనికి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు కావాలి. మందం కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు, వెడల్పు 24 నుంచి 30 అంగుళాలు ఉండాలి. పల్చటి షీటుని రైజోమ్ మొన పొడుచుకుని పోతుంది, అక్కడ పొదుపు పనికిరాదు. నాటబోయే చోటు చుట్టూ సన్నటి కందకం తవ్వండి. షీటు నేలమట్టానికి రెండంగుళాలు పైకి కనిపించేలా నిలబెట్టండి. చాలామంది ఈ పైకి ఉంచే రెండంగుళాలు చూడ్డానికి బాగోలేదని పూడ్చేస్తారు, కానీ రైజోమ్ గోడ ఎక్కి దాటేది అక్కడే. షీటు పైఅంచు కొద్దిగా బయటి వైపు వాలి ఉండాలి. అప్పుడు గోడకి తగిలిన రైజోమ్ కిందికి దూరకుండా పైకి తిరుగుతుంది, మీ కంటికి కనిపిస్తుంది.

గోడలో బలహీనమైన చోటు అతుకు. రెండు కొసలూ కలిసే దగ్గర ఒకదానిమీద ఒకటి బాగా ఎక్కించి, స్టీలు పట్టీలు పెట్టి బోల్టులు బిగించండి. నిలువునా ఎక్కడా సందు ఉండకూడదు. మట్టి తిరిగి నింపేటప్పుడు అడుగు భాగాన్ని గట్టిగా కూరాలి, పైభాగాన్ని మెత్తగా వదలాలి. రైజోమ్‌కి మెత్తటి మట్టి ఇష్టం, పైనే తిరుగుతుంది. గోడ అడుగున ప్లాస్టిక్ వేయొద్దు, నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.

మూడోది ఉత్త కందకం. చుట్టూ ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉంటే చాలు. ఖాళీగా వదలొచ్చు, కాలు పడుతుందనుకుంటే వదులు ఇసుకతో నింపొచ్చు. ఏటా వేసవి చివర్లో ఒకసారి, శరదృతువు చివర్లో ఒకసారి చూసి, కందకంలోకి పొడుచుకొచ్చిన రైజోమ్‌లని నరికేయాలి. నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది. గోడ ఉంటే మనిషి నిశ్చింతగా మర్చిపోతాడు, పదేళ్లకి అతుకు దగ్గర వెదురు బయటపడుతుంది. కందకం దగ్గర మర్చిపోయే వీలుండదు. ఏటవాలు నేల, రాతినేల అయితే కందకం తవ్వడం కష్టం కాబట్టి అక్కడ ప్లాస్టిక్కే దిక్కు.

గోడ వేసినా, కందకం తవ్వినా దాని చుట్టూ నడవడానికి మూడడుగుల దారి వదలండి. ఆ దారిలో వేరే మొక్కలు పెట్టొద్దు.

నాటడం

మంచు కరిగి నేల మెత్తబడ్డాక నాటడం మంచిది. శరదృతువు మొదట్లో కూడా నాటొచ్చు, కానీ నేల గడ్డకట్టేలోపు మొక్కకి కనీసం రెండు నెలలు దక్కాలి. ఎండ బాగా పడే చోటు ఎంచుకోండి, సగం నీడ ఉన్నా బతుకుతుంది. నీళ్లు నిలిచే పల్లం పనికిరాదు. చల్లటి ఎదురుగాలి నేరుగా కొట్టే చోట ఆకులు ఎండిపోతాయి, మొదటి రెండేళ్లు గాలికి ఏదైనా అడ్డం ఉంటే మేలు.

గుంత వెడల్పు వేళ్లముద్దకి రెట్టింపు ఉండాలి, లోతు మాత్రం వేళ్లముద్ద ఎత్తుకి సమానం. తవ్విన మట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. కుండీలో మొక్క ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి. తెర కోసమైతే మొక్కకి మొక్కకి మూడు నుంచి ఐదడుగుల దూరం సరిపోతుంది. తొందరగా మూసుకుపోవాలని దగ్గరగా నాటక్కర్లేదు, ఖాళీలు అదే నింపుకుంటుంది. నాటాక బాగా నీళ్లు పోసి, మొక్క ఊగకుండా పక్కన ఓ కర్ర కట్టండి.

మొదటి ఏడాది వానలు లేనప్పుడు వారానికి రెండుసార్లు లోతుగా తడపాలి. ఆకులు నిలువునా చుట్టుకుంటే దాహమేస్తోందని అర్థం. వసంతంలో కాసిని ఆకులు పసుపై రాలతాయి, కంగారు పడకండి. పాతవి రాలుస్తూ కొత్తవి తొడుక్కుంటుంది. రాలిన ఆకుల్ని ఊడ్చేయొద్దు, మొక్క మొదలు దగ్గరే వదిలేయండి, అదే దానికి మంచి ఎరువు.

చలికాలం

నేల గడ్డకట్టకముందు బాగా నీళ్లు పెట్టి, మొక్క మొదలు చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన ఆకుతుక్కు పరవండి. కుదురుకున్న మొక్క సుమారు మైనస్ 23 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. చలి అంతకన్నా ముదిరితే ముందు ఆకులు మాడతాయి, తర్వాత గడలు చస్తాయి, రైజోమ్ బతికుంటుంది. అందుకే మాడిన గడల్ని చలికాలంలోనే నరికేయకండి. వసంతంలో కొమ్మల కణుపుల దగ్గర పచ్చటి చిగురు వస్తుందేమో చూశాకే నిర్ణయించుకోండి.

మంచు బరువుకి గడలు నేలకి ఆనేలా వంగుతాయి. పొడి మంచైతే చీపురుతో కింది నుంచి మెల్లగా తట్టి దులపండి. ఐసులా గట్టిపడితే ముట్టుకోవద్దు, విరుగుతాయి. కరిగాక చాలావరకు వాటంతటవే లేస్తాయి.

వసంతంలో కొమ్ములు కోయడం

మొదటి రెండు మూడేళ్లు ఏమీ కోయొద్దు. ఆ తర్వాత కొమ్ములు గుంపుగా లేస్తాయి. ఉండాల్సిన చోట లేచినవాటిలో లావుగా, దిట్టంగా ఉన్నవాటిని వదలండి. దారిలో, అంచుల్లో, ఇరుకులో వచ్చినవన్నీ కూరకే. అర అడుగు నుంచి అడుగు ఎత్తు లోపు ఉన్నప్పుడు నేలమట్టానికి పదునైన కత్తితో కోయండి, పొద్దున్నే కోస్తే ఇంకా బాగుంటాయి. కోసిన కొమ్ము మళ్లీ పెరగదు. హద్దు దాటి వచ్చిన కొమ్మును కాలితో తన్నినా పుటుక్కున విరిగిపోతుంది.

పైనుంచి కిందికి నిలువుగా ఒక గాటు పెట్టి, తొడుగులన్నీ ఒకేసారి వలిచేయండి. లోపల తెల్లటి గుజ్జు మిగులుతుంది. అడుగున గోరు దిగనంత గట్టిగా ఉన్న భాగం తీసేయాలి. సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో మూత పెట్టకుండా కనీసం ఇరవై నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. వెదురు కొమ్ముల్లో టాక్సిఫిలిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్నుంచి సైనైడ్ పుడుతుంది. వేడికి అది విరిగిపోయి ఆవిరితో బయటికి పోతుంది, మూత వద్దనేది అందుకే. ఎల్లో గ్రూవ్ కొమ్ముల్లో చేదు తక్కువ, కొందరు పచ్చివే తింటామంటారు. మీరు మాత్రం ఉడికించే తినండి. ఉడికించాక నాలుక మీద పెట్టుకుంటే చేదు తగిలితే ఇంకోసారి కొత్త నీళ్లలో ఉడికించండి. మిగిలినవి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారిస్తే కొన్నాళ్లు ఆగుతాయి.

గడలు నరకడం

ఏ గడ ఏ ఏడు వచ్చిందో తెలియకపోతే నరకడం గుడ్డి పనవుతుంది. ప్రతి వేసవిలో ఆ ఏటి కొత్త గడల మీద చెరగని మార్కర్‌తో ఏడాది రాసేయండి. రాయకపోయినా గుర్తులుంటాయి. కొత్తవాటికి కణుపు కింద తెల్లపొడి స్పష్టంగా ఉంటుంది, పాతవి మెరుపు తగ్గి మచ్చలు పడి ఉంటాయి. వాడుకకి మూడు నుంచి ఐదేళ్ల గడలు కావాలి. ఏడాదిది పచ్చిగా ఉండి ఎండితే ముడుచుకుపోతుంది. బాగా ముసలిదైతే పెళుసుగా ఉంటుంది, తోపులో ఉంచినా లాభం లేదు, తీసేస్తేనే గాలి ఆడుతుంది.

కొమ్ములు లేచే కాలంలో గడలు నరకొద్దు. శరదృతువు చివర నుంచి చలికాలం మధ్య దాకా నరకండి. అప్పుడు గడలో పిండి పదార్థం తక్కువ, పుచ్చుపురుగు ఆశ పడేది దానికోసమే. సన్నటి పళ్ల రంపంతో నేలకి దగ్గరున్న కణుపుకి సరిగ్గా పైన కోయండి. కణుపుకి ఎత్తుగా కోస్తే మిగిలిన దొప్పలో నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. ఒక్క ఏడాదిలో మూడోవంతుకి మించి తీయకపోతే తోపు బలం తగ్గదు.

కొమ్మలు కొట్టేసి, గడను తడిగుడ్డతో తుడిచి, నీడలో నిలువుగా ఆనించి రెండు మూడు నెలలు ఆరనివ్వండి. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. ఇంట్లో వాడే వస్తువులకైతే లోపలి అడ్డుపొరలను పొడవాటి ఇనుపచువ్వతో పొడిచి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో వారం పైగా నానబెడితే పురుగు పట్టదు. వానకి ఆ మందు కొట్టుకుపోతుంది కాబట్టి తోట కర్రలకి ఆ శ్రమ దండగ.

ఈ గడలతో ఏం చేయొచ్చు? చిక్కుడు, టమాటా, దోస పాదులకి ఊతకర్రలు, పందిళ్లు, దడులు, చిన్న చిన్న గేట్లు. బలమైన కట్టడాలకి, నిచ్చెనలకి వాడొద్దు, దీని గడ గోడ అంత దళసరి కాదు. మట్టిలో పాతిన భాగం ఒకటి నుంచి మూడేళ్లలో కుళ్లిపోతుంది. దడికి ఇనుప గొట్టం పాతి, వెదురు గడను నేలకి తగలకుండా దానికి కడితే చాలా కాలం వస్తుంది. కొట్టేసిన కొమ్మల్ని పారేయకండి, బఠాణీ తీగలు ఎక్కడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. పచ్చగడ్డి లేని చలికాలంలో మేకలు దీని ఆకుని ఇష్టంగా తింటాయి.

శరదృతువు పని

మొదట అడిగిన ప్రశ్న దీని గురించే. కందకమైతే అందులోకి వచ్చిన ప్రతి రైజోమ్‌నీ పదునైన పారతో నరికి బయటికి లాగేయండి. ప్లాస్టిక్ గోడైతే చుట్టూ తిరుగుతూ అంచు మీదికి ఎక్కినవాటిని కోయండి, లోపలి అంచు వెంట మట్టి కాస్త కదిపి గోడకి ఆనుకుని తిరుగుతున్నవాటినీ తీయండి. తీసినవాటిని కంపోస్టు గుంతలో పచ్చిగా వేయొద్దు, కణుపు మొగ్గ ఒక్కటి బతికినా మొలుస్తుంది. రాతి మీదో సిమెంటు మీదో పరిచి పూర్తిగా ఎండనిచ్చి అప్పుడు వేయండి.

ఇప్పటికే చేయి దాటిపోతే

ముందున్నవాళ్లు హద్దు లేకుండా నాటి వదిలేసిన తోపు మీ చేతికొస్తే రెండు మార్గాలు. చిన్నదైతే గడ్డపార, గొడ్డలి తీసుకుని రైజోమ్‌లన్నీ తవ్వేయడమే. పైన అడుగున్నరలోనే ఉంటాయి కాబట్టి అసాధ్యం కాదు, నడుం మాత్రం పడిపోతుంది. పెద్దదైతే గడలన్నీ నేలమట్టానికి నరికి, కొత్తగా లేచే ప్రతి కొమ్మునీ ఆకు వేయకముందే కోస్తూ పోవాలి. ఆకు లేకపోతే రైజోమ్‌కి తిండి అందదు, దాచుకున్నది ఖర్చవుతుంది. దీనికి రెండు మూడేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క వసంతం వదిలేస్తే పోయిన బలమంతా తిరిగి పుంజుకుంటుంది. కొంత తోపు ఉంచుకోవాలనుకుంటే ముందు దాని చుట్టూ కందకం తవ్వి, బయట ఉన్నదాన్నంతా లోపలి మొక్క నుంచి వేరు చేయండి. ఆ తర్వాతే బయటి గడలు నరకడం మొదలుపెట్టండి, లేదంటే లోపలి తోపు బయటిదానికి తిండి పంపుతూనే ఉంటుంది.